పంది బొచ్చుకి ధర ఎక్కడ పుడుతుంది?

నాటు పందులు పెంచేవాళ్ళు బొచ్చుని తీసి పారేస్తుంటారు. దేశాల మధ్య కొనీ అమ్మే సరుకు అది. కస్టమ్స్ లెక్కల్లో దానికి 0502 అని సొంత కోడ్ కూడా ఉంది.

నైలాన్ వచ్చాక కూడా మంచి పెయింట్ బ్రష్‌లో ఇదే వాడటానికి కారణం కొన. పంది వెంట్రుక కొన దానంతటదే చీలి ఉంటుంది, ఆ చీలికల్లో రంగు నిలుస్తుంది. పెద్ద సరఫరాదారు చైనా. చుంకింగ్ బొచ్చుకి పాతకాలం నుంచీ పేరు. మన దగ్గర కాన్పూర్.

ధర మాత్రం పొడవుని బట్టే. మెడ, వీపు మీద వచ్చే బిరుసు బొచ్చే సరుకు. తెల్ల యార్క్‌షైర్‌కి అంత రాదు, మన నల్ల పందికే వస్తుంది. రంగు, పొడవు వేరుచేసి, మొదళ్ళన్నీ ఒకే వైపు పెట్టి కట్టాలి. పనంతా అక్కడే! ఎలా కట్టాలో వీడియోలో చూపించా.

ఒక్క జాగ్రత్త. ఉన్నట్టుండి చచ్చిన జంతువు బొచ్చు ముట్టుకోవద్దు, పశువైద్యుణ్ణి పిలవండి. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో శుద్ధి చేయని వెంట్రుకలతో చేసిన షేవింగ్ బ్రష్‌ల వల్ల మనుషులకి దొమ్మరోగం సోకింది.

ఆరోగ్యంగా ఉన్న పందుల నుంచి మిగిలిన పొట్టి తుక్కుని కంపోస్టులో వేయండి. నత్రజని ఉంటుంది, కాకపోతే కుళ్ళడం బాగా ఆలస్యం.