కాకి, తాటిపండు, ఒక టీకా

మన కథకులు కొందరు ఇటీవల ప్రజారోగ్యాన్ని కథావస్తువుగా స్వీకరిస్తున్నారు. ఆహ్వానించదగిన పరిణామమే. అయితే అభిప్రాయం కోసం నా దగ్గరకు వచ్చిన ఒక రాతప్రతిలో, టీకా వేయించిన వారానికే బిడ్డకు మాట పోయిందంటుంది తల్లి. మందుల కంపెనీల దోపిడీకి దాన్నే రుజువుగా నిలబెట్టాడు రచయిత. దోపిడీ విషయంలో నాకు పేచీ లేదు. ఆ రుజువుతోనే పేచీ.

ఈ వాదానికి పుట్టిల్లు లండన్. 1998 ఫిబ్రవరిలో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్, మరో 12 మంది కలిసి ఒక వ్యాసం ప్రకటించారు. అందులో ఉన్నది 12 మంది పిల్లల వివరాలు మాత్రమే. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎం.ఎం.ఆర్. టీకా తర్వాతే బిడ్డ మారిపోయాడన్నది, ఎనిమిది మంది విషయంలో, తల్లిదండ్రులో వైద్యులో చెప్పిన మాట. సంబంధం రుజువు కాలేదని ఆ వ్యాసమే ఒప్పుకుంది. అయినా విలేఖరుల ముందు వేక్‌ఫీల్డ్ మూడింటినీ విడివిడిగా వేయాలన్నాడు. మిగతా పని పత్రికలు పూర్తిచేశాయి.

కాకి వాలింది, తాటిపండు పడింది. మన తార్కికులు దీనికి కాకతాళీయమని ఏనాడో పేరు పెట్టారు. ఇంగ్లండులో ఆ టీకా మొదటి మోతాదు బిడ్డకు ఏడాది దాటాక వేసేవారు. ఆటిజం లక్షణాలు ఇంటివాళ్ళ కంటపడేదీ సుమారు ఆ వయసులోనే. లక్షలాది పిల్లల్లో కొందరికి ఒకదాని వెంట మరొకటి వచ్చితీరుతుంది. కాకి వాలని చెట్టుకింద కూడా అన్ని పండ్లే రాలుతున్నాయా? తేల్చవలసింది అది. డెన్మార్కులో తేల్చారు. 1991-98 మధ్య పుట్టిన 5,37,303 మంది పిల్లల లెక్క 2002లోనూ, తర్వాతి తరంలో 6,57,461 మంది లెక్క 2019లోనూ వెలువడ్డాయి. టీకా వేసుకున్నవారిలో ఆటిజం ఎక్కువగా లేదు. జపానులో 1993లోనే ఎం.ఎం.ఆర్. ఆపేశారు, అందులోని గవదబిళ్ళల భాగం కొందరు పిల్లల్లో మెదడు పొరల వాపు తెచ్చినందుకు. (టీకాకు హానే ఉండదని ఎవరూ అనడం లేదు. ఉన్న హాని లెక్కలో దొరుకుతుంది.) టీకా ఆగాక కూడా యోకొహామాలో ఆటిజం కేసులు పెరుగుతూనే పోయాయి.

ఇక ప్రయోజనాల సంగతి. పాత్రికేయుడు బ్రియాన్ డీర్ ఏళ్ళ తరబడి తవ్వితీసినదాన్ని బట్టి, టీకా కంపెనీల మీద దావా నడిపిన న్యాయవాదుల ద్వారా వేక్‌ఫీల్డ్‌కు ముట్టిన ఫీజు, ఖర్చులు కాక, 4,35,643 పౌన్లు. అదీ ప్రభుత్వ న్యాయసహాయ నిధి నుంచి! వ్యాసానికి ముందే, 1997లో, విడి తట్టు టీకా మీద పేటెంటుకు దరఖాస్తు కూడా పడింది. అంతకుముందు మామూలుగా ఎదిగారన్న 12 మందిలో ఐదుగురికి మొదటినుంచీ ఇబ్బందులున్నట్టు రికార్డుల్లో బయటపడింది. 2010లో ‘లాన్సెట్’ ఆ వ్యాసాన్ని రద్దుచేసింది. అదే ఏడు వైద్యుల జాబితా నుంచి అతని పేరు కొట్టేశారు. లాభం ఎవరికని అడగడం మనకు అలవాటే. ఆ ప్రశ్న ఇక్కడ కూడా అడగవద్దా?

తల్లుల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో బ్రూనో బెటల్‌హైమ్ వంటివారు ఆటిజానికి కారణం తల్లి ప్రేమరాహిత్యమేనన్నారు. అంతటి నింద మోసినవాళ్ళకు, నేరం ఇంకెవరిదో అని చెప్పినవాడు ఆప్తుడిలా కనిపించడంలో వింతేముంది? అసలు కథ అక్కడుంది, మన రచయిత అటు చూడలేదు. పైగా ఆ పిల్లవాణ్ణి ‘బతికుండీ పోయిన బిడ్డ’గా చిత్రించాడు. రేపు ఆ పిల్లవాడే ఈ కథ చదవవచ్చునన్న ఊహ కూడా లేదు.

రక్షణ లేని జనంలో తట్టు ఒకరి నుంచి 12 మొదలు 18 మందికి అంటుకుంటుంది. ఆపాలంటే నూటికి 95 మందికి రక్షణ కావాలి. 2003-04 నాటికి ఇంగ్లండులో రెండేళ్ళ పిల్లల్లో ఎం.ఎం.ఆర్. వేసుకున్నవారు నూటికి 80కి పడిపోయారు. 2012-13లో వేల్స్‌లోని స్వాన్సీ ప్రాంతంలో తట్టు చెలరేగినపుడు వెయ్యిమందికి పైగా సోకినట్టు నమోదైంది, ఒక యువకుడు చనిపోయాడు. ఎక్కువగా పడకనపడ్డది పది, పద్దెనిమిదేళ్ళ మధ్యవారు. 1998 తర్వాతి ఆ భయకాలంలో టీకా తప్పిపోయిన పిల్లలు.