కళాశాలలయందు ఆకరపరిశోధనాభ్యాసము

విద్యార్థికిఁ గావలసిన విషయ మెచ్చటఁ గలదో, దాని ప్రామాణ్య మెట్టిదో, తన వ్రాతలో దాని నెట్లు పేర్కొనవలయునో నేర్పు శిక్షణమునకు 1974లో అమెరికాయందు ‘ఇన్ఫర్మేషన్ లిటరసీ’ యను పేరు గలిగినది. దీనిని ఆకరపరిశోధన మనవచ్చును. గ్రంథపాలకులు దీనిని గోరుచుండఁగా, అధ్యాపకులు పాఠ్యభాగములే ముగియుట లేదని వెనుదీయుచున్నారు. వారి మాట యసత్యము గాదు. ఏఁట నొకదినము గ్రంథాలయమును జూపి పంపుటవలన ఫలము స్వల్పము. బీరువాల వరుస జ్ఞాపకముండును. వెదకవలసిన ప్రశ్న మాత్ర ముండదు.

గోదావరీమండలమున కే చెందిన యుదాహరణ మొకటి గలదు. భారతరచనయందు నన్నయభట్టునకుఁ దోడ్పడినవాఁ డెవఁడని యడిగిన విద్యార్థి, నారాయణభట్టని తడుముకొనక చెప్పును. ఎట్లు తెలిసినదన్నచో గైడుపుస్తకమునో చేతిఫోనునో చూపును. ఆ తోడ్పాటును భారతావతారికలో నన్నయయే చెప్పినాఁడు. రాజరాజనరేంద్రుఁడు నారాయణభట్టునకు నందంపూడి నగ్రహారముగా నిచ్చుట 1053 నాఁటి తామ్రశాసనమువలనఁ దెలియుచున్నది. ఆ శాసనకర్తయు నన్నయభట్టే. ఈ రెండుచోట్లఁ గాననగు నారాయణుఁ డొక్కఁడే యనుట పండితుల యూహ. బలమైన యూహయే, కాని యూహ. ఈ మూఁటిని వేఱుపఱచి చూపఁగలవాఁ డధ్యాపకుఁడు. శాసనపాఠము ముద్రితమైన ఎపిగ్రాఫియా ఇండికా 4వ సంపుటమును జేతికందింపఁగలవాఁడు గ్రంథపాలకుఁడు. ఒకరి పని రెండవవారు చేయఁజాలరు.

వ్యాకరణము చదివినవారి కిది క్రొత్త గాదు. పాణినిసూత్రము నొంటరిగఁ జదివిన నర్థము తేలదు. పై సూత్రములనుండి యే పద మనువర్తించుచున్నదో చూడవలయును. ముక్కలుగా నెత్తి వ్రాసికొన్న సమాచారమును నట్టిదే.

అధ్యాపకుఁడు వేఱు, గ్రంథాలయము వేఱు నను భేదము పూర్వమున నింత లేదు. రాజమహేంద్రవరమందలి గౌతమీ గ్రంథాలయమునకు మూలములలో నొకటియైన వాసురాయ గ్రంథాలయమును 1898లో నెలకొల్పిన వడ్డాది సుబ్బారాయకవి యుపాధ్యాయుఁడు. 1924లో మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియైన రంగనాథన్ అంతకుముందు గణితము బోధించినవాఁడు.

కావున నధ్యాపకుల సమ్మతి గోరువారు క్రొత్తపాఠ మడుగక, ఉన్న వ్యాసప్రశ్ననే మార్పుఁడని యడుగుట మేలు. ‘నన్నయనుగూర్చి వ్రాయుఁడు’ అనుటకు బదులు ‘నారాయణభట్టునుగూర్చిన మాటలలో నేది యెచ్చటిదో చూపుఁడు’ అన్నచోఁ గాలము హెచ్చుగఁ బట్టదు. మార్కులలోఁ గొన్ని యాకరములకుఁ గేటాయింపనిదే విద్యార్థి కదలఁడు. ఇది మొగమోటము లేక చెప్పవలసిన మాట. ప్రశ్నను దరగతిలో నిచ్చుటకు వారముముందు గ్రంథపాలకునకుఁ జూపినచో, కావలసిన సంపుటము లున్నవో లేవో తేలును. మొదట నొక్క తరగతిలో, ఒక్క వ్యాసముతోఁ బ్రారంభించినఁ జాలును.