రైలెక్కాలా, విమానమెక్కాలా?

మన మెట్ట ప్రాంతపు సంఘాలలో "అయ్యగారూ, వెల్లూరు వెళ్తున్నాం, ప్రార్థన చేయండి" అన్న మాట వినపడని నెల ఉండదు. నందిగామ నుంచి, జగ్గయ్యపేట నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి రాయవెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్ళి రావడం మనకు ఎప్పటినుంచో ఉన్నదే. ఐతే ఈ మధ్య ఆ మాటకు ఒక తోక వచ్చింది. "రైల్లో వెళ్ళమంటారా, విమానంలో వెళ్ళమంటారా?" అని కూడా అడుగుతున్నారు.

ఈ ప్రశ్న మన పల్లెలోకి ఎలా వచ్చిందో చెప్పనక్కరలేదు. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉద్యోగం చేసుకుంటున్న బిడ్డలు ఫోను చేసి, "నాన్నను రైల్లో కష్టపెట్టకండి, విమానం టికెట్టు నేను తీసి పంపుతాను" అంటారు. అది ప్రేమతో అన్న మాటే. కాని ఆ బిడ్డ లెక్కలో ఉండేది విమానం గాలిలో ఉండే గంటంబావు మాత్రమే. తండ్రికి మాత్రం ఇంటి గడప దాటిన దగ్గర నుంచి ఆసుపత్రి గేటు దాకా అంతా ప్రయాణమే. ఆ ప్రయాణాన్ని టికెట్టు మీద వేసిన గంటలతో కాక, వెళ్ళేవారిలో అందరికంటె బలహీనంగా ఉన్నవారి ఒంటితో కొలవాలని నా అభిప్రాయం. అలా కొలిస్తే వెల్లూరుకు చాలామందికి రైలే మేలు. ఢిల్లీకి కాదు. ఎందుకో చెబుతాను.

ముందు మన ఊళ్ళ సంగతి చూడండి. సికింద్రాబాదు నుంచి బెజవాడకు నిజాం రైలు మార్గం 1889లోనే వచ్చింది. ఐతే అది ఖమ్మం, మధిర మీదుగా పోయింది గాని మన వైపు తిరగలేదు. నందిగామకు రైలే లేదు. జగ్గయ్యపేటకు పట్టాలున్నా వాటి మీద తిరిగేవి ఎక్కువగా సిమెంటు ఫ్యాక్టరీల గూడ్సు బండ్లు. 2022లో జిల్లా పేరు ఎన్.టి.ఆర్. జిల్లాగా మారింది గాని మన ప్రయాణం మారలేదు. రైలెక్కాలన్నా విమానమెక్కాలన్నా మొదట హైవే మీదికి వచ్చి, బస్సో కారో పట్టుకుని విజయవాడ చేరవలసిందే. విమానమైతే బెజవాడ కూడా దాటి, ఇంకొక 20 కిలోమీటర్లు గన్నవరం దాకా పోవాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. జగ్గయ్యపేటలో కారెక్కితే గన్నవరం చేరేసరికి ఇంచుమించు రెండున్నర గంటలు. విమానానికి రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. గంట ముందే సామాను కౌంటరు మూసివేస్తారు, బ్రతిమాలినా తెరవరు. చెన్నైకి గంటంబావు. దిగి, సామాను తీసుకుని బయటికి రావడానికి అరగంట. అక్కడి నుంచి వెల్లూరు ఇంకా 130 కిలోమీటర్ల పైమాటే, రోడ్డు మీద మూడు గంటలు వేసుకోండి. మొత్తం తొమ్మిది గంటలు దాటింది. రైలైతే విజయవాడకు రెండు గంటలు, స్టేషనులో గంట, అక్కడి నుంచి కాట్పాడికి పది గంటల చిల్లర. కాట్పాడిలో దిగితే ఆసుపత్రి దగ్గరే, ఆటోలో పోవచ్చు. పదమూడు, పద్నాలుగు గంటలు. తేడా నాలుగైదు గంటలే. పైగా రైల్లో గడిచేది రాత్రి. కాకినాడ నుంచి బెంగుళూరు వెళ్ళే శేషాద్రి ఎక్స్‌ప్రెస్సు మన విజయవాడ మీదుగా, తిరుపతి, చిత్తూరు, కాట్పాడి మీదుగానే వెళ్తుంది. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లవారిన తరువాత దిగుతారు. వేళలు మారుతుంటాయి గనుక టికెట్టు తీసేటప్పుడు చూసుకోండి.

గంటల కంటె నాకు ముఖ్యంగా తోచేది, రోగిని ఎన్నిసార్లు లేపి, నడిపించి, మళ్ళీ కూర్చోబెట్టాలి అన్నది. విమానానికి కారు దిగాలి, వరుసలో నిలబడాలి, తనిఖీలో చెప్పులు, బెల్టు తీయమంటే తీయాలి. కొన్ని చోట్ల బస్సెక్కి విమానం దాకా పోయి మెట్లెక్కాలి. ఎక్కినాక వీపు నిటారుగా పెట్టుకుని కూర్చోవాలి. చక్రాల కుర్చీ ఇస్తారు, కాని టికెట్టు తీసేటప్పుడే అడగాలి. చెన్నైలో ఇదంతా తిరగేసి మళ్ళీ చేసి, ఆ పైన మూడు గంటలు కారు. రైల్లో ఒకసారి ఎక్కించి, ఒకసారి దింపడమే. మధ్యలో పడుకుని ఉండవచ్చు. వెన్నునొప్పి ఉన్నవారికి, కడుపులో గడ్డతో బాధపడేవారికి పడుకోవడం ఎంత పెద్ద సంగతో ఇంట్లో రోగిని చూసుకున్నవారికి తెలుసు.

ఇంకొక సంగతి మన పల్లెవారికి ఎవరూ చెప్పరు. విమానం పైకి వెళ్ళినప్పుడు లోపలి గాలి ఒత్తిడి నేల మీద ఉన్నట్టు ఉండదు. ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీద నిలబడినట్టు ఉంటుంది. ఆరోగ్యవంతులకు తెలియదు. ఊపిరితిత్తుల జబ్బున్నవారికి, రక్తం బాగా తగ్గినవారికి, ఈ మధ్యనే గుండెపోటు వచ్చినవారికి అదే ప్రమాదం కావచ్చు. ఛాతీలోనో కడుపులోనో ఆపరేషను జరిగిన కొద్దిరోజులకే ఎక్కకూడదు. సొంత ఆక్సిజన్ సిలిండరు విమానంలోకి రానివ్వరు. రైల్లో ఐతే డాక్టరు కాగితం ఉంటే రోగితోపాటు తీసుకువెళ్ళనిస్తారు. నిండు గర్భిణులను 36 వారాలు దాటితే విమానం ఎక్కించుకోరు.

రెండేళ్ళ క్రిందట మా సంఘంలో ఒక రైతు సహోదరునికి ఆయాసం ఎక్కువై వెల్లూరు ప్రయాణం పెట్టుకున్నారు. కుమారుడు ముగ్గురికీ విమానం టికెట్లు తీశాడు. బయలుదేరే ముందురోజు ఎందుకైనా మంచిదని ఇక్కడి డాక్టరు గారికి చూపిస్తే, ఆయన వేలికి మిషను పెట్టి చూసి, "ఇతన్ని విమానంలో పంపవద్దు" అన్నారు. టికెట్ల డబ్బులో సగం కూడా తిరిగి రాలేదు. కుమారునికి కోపం వచ్చింది, అది సహజమే. ఆయన మాత్రం, "పడుకుని పోతాలేరా, అదే నయం" అన్నాడు. తత్కాలులో టికెట్లు తీసి పంపించాము. కాబట్టి అన్నలారా, అక్కలారా, విమానం టికెట్టు తీయక ముందు రోగిని డాక్టరుకు చూపించి, "ఈయన విమానం ఎక్కవచ్చునా?" అని ఒక్క మాట అడగండి. టికెట్టు తీసిన తరువాత కాదు.

రైలు ఖర్చులో మనవాళ్ళు అడగక పోగొట్టుకునే సొమ్ము ఉన్నది. వృద్ధుల రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు గాని రోగుల రాయితీ నిలపలేదు. కాన్సరు రోగి చికిత్సకు వెళ్ళేటప్పుడు స్లీపరులోను, మూడవ తరగతి ఎ.సి.లోను టికెట్టు పూర్తిగా ఉచితం. తోడు వెళ్ళే ఒకరికి నూటికి 75 వంతులు తగ్గిస్తారు. గుండె ఆపరేషనుకు వెళ్ళేవారికి, కిడ్నీ మార్పిడికో డయాలిసిస్‌కో వెళ్ళేవారికి, వారి తోడుకు ఆ రెండు తరగతులలోను 75 వంతులు తగ్గుతుంది. దీనికి రైల్వే వారి నమూనాలోనే ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్ర ఉన్న కాగితం కావాలి. ఫోనులో ఈ టికెట్టు రాదు, స్టేషను కౌంటరుకే పోవాలి. మొదటిసారి వెళ్ళేటప్పుడు ఆ కాగితం మీ చేతిలో ఉండకపోవచ్చు. ఐనా వెల్లూరులో ఉండగానే అడిగి రాయించుకుంటే తిరుగు ప్రయాణానికి పనికివస్తుంది. డబ్బు లేక మధ్యలో చికిత్స మానుకున్న కుటుంబాలను చూశాను. ఆ ఇళ్ళలో ఈ కాగితం విలువ చిన్నది కాదు.

బెర్తు సంగతి కూడా చెప్పాలి. అరవై ఏళ్ళు దాటిన పురుషులకు, నలభై ఐదు దాటిన స్త్రీలకు కింది బెర్తులు కొన్ని ప్రత్యేకంగా ఉంటాయి. ఐతే ఇంటిల్లిపాదికీ ఒకే టికెట్టు మీద తీస్తే అవి దొరకవు. పెద్దవారికి ఒకరికో ఇద్దరికో విడిగా తీయండి. 2024 నవంబరు నుంచి రిజర్వేషను 60 రోజుల ముందే మొదలవుతున్నది గనుక, డాక్టరు అపాయింటుమెంటు తేదీ తెలియగానే టికెట్టు తీసుకోవాలి. వెయిటింగు టికెట్టుతో రోగిని తీసుకువెళ్ళే సాహసం వద్దు. మరుగుదొడ్డి దగ్గర కూర్చుని వెల్లూరు చేరిన రోగిని ఏ డాక్టరు బాగుచేయగలడు?

విమానాన్ని నేను తిట్టడం లేదు. ఢిల్లీకి విజయవాడ నుంచి రైలు మార్గం 1,750 కిలోమీటర్లకు పైగా ఉన్నది, ఎక్కువ బండ్లకు ఒక పగలు, ఒక రాత్రి దాటుతుంది. విమానం రెండున్నర గంటలు. అంత దూరం ముసలివారిని, పసిబిడ్డలను రైల్లో తిప్పడం డబ్బు ఆదా అనిపించుకోదు, డాక్టరు సరే అంటే విమానమే ఎక్కించండి. హైదరాబాదుకు మాత్రం జగ్గయ్యపేట నుంచి విమానం మాట ఎత్తవద్దు. వెనక్కు గన్నవరం పోయి, శంషాబాదులో దిగి, మళ్ళీ ఊళ్ళోకి రావడానికి పట్టే సమయంలో మన ఆర్.టి.సి. బస్సు దిల్‌సుఖ్‌నగర్ చేరుతుంది.

ఈ లెక్క మన దేశానికే కాదు. మన బిడ్డలు కొందరు జర్మనీలో, ఫ్రాన్సులో చదువుకుంటున్నారు. వారిని చూడబోయిన తల్లిదండ్రులు అక్కడ ఒక పట్నం నుంచి మరొక పట్నానికి ఎలా వెళ్ళాలని తికమకపడుతున్నారు. పారిసు నుంచి లియోనుకు 1981 నుంచి వేగపు రైళ్ళు నడుస్తున్నాయి, ఇప్పుడు రెండు గంటల ప్రయాణం. లండను నుంచి పారిసుకు సముద్రం కింద సొరంగంలో 1994 నుంచి రైలు ఉన్నది, రెండుంబావు గంటలు పడుతుంది. స్పెయినులో మాడ్రిడ్ నుంచి బార్సిలోనా 620 కిలోమీటర్లు, 2008 నుంచి రైల్లో రెండున్నర గంటల చిల్లర. ఈ రైళ్ళు ఊరి నడిబొడ్డున ఎక్కించి నడిబొడ్డున దింపుతాయి. ఫ్రాన్సు ప్రభుత్వం 2023లో, రెండున్నర గంటల లోపు రైలు ఉన్న కొన్ని మార్గాలలో దేశం లోపలి విమానాలనే ఆపివేసింది.

అక్కడ చవక విమానాలూ ఉన్నాయి, టికెట్టు చూస్తే ఆశ పుడుతుంది. కాని ఫ్రాంక్‌ఫర్ట్ పేరు పెట్టుకున్న హాన్ విమానాశ్రయం ఆ ఊరికి 120 కిలోమీటర్ల దూరాన ఉన్నది. విజయవాడ అని టికెట్టు ఇచ్చి సూర్యాపేట దగ్గర దింపినట్టు! సామానుకు వేరే రుసుము. పచ్చడి సీసాలు చేతిసంచిలో పెట్టుకుంటే తనిఖీలో తీసి పారేస్తారు, ఆవకాయ కోసం అక్కడ కన్నీళ్ళు పెట్టుకున్న తల్లులున్నారు. లండను రైలుకు మాత్రం పాస్‌పోర్టు తనిఖీ ఉంటుంది, ఇంగ్లండుకు వీసా వేరే ఉండాలి. ఇది తెలియక టికెట్టు తీసుకుంటే స్టేషనులోనే ఆగిపోతారు.

మళ్ళీ వెల్లూరుకు వద్దాం. డాక్టర్ ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఆ వైద్యశాల ఇప్పుడు ఒకే చోట లేదు. 2022లో రాణిపేట దగ్గర కొత్త ఆవరణ తెరిచి కొన్ని విభాగాలను అక్కడికి మార్చారు. మీ కాగితం మీద ఏ ఆవరణ రాసి ఉన్నదో బయలుదేరక ముందే చదివించుకోండి. రాణిపేట వెల్లూరుకు ఇవతల, చెన్నై రోడ్డు వైపు ఉన్నది. కాట్పాడిలో దిగినవారు అక్కడి నుంచి తూర్పుగా వెనక్కు రావాలి, ఆటో ఖర్చు, సమయం ఆ మేరకు వేసుకోవాలి.

వానాకాలంలో ఐతే ఒక రోజు ముందుగానే బయలుదేరండి. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదికి నీళ్ళు వచ్చినప్పుడు ఎక్కడి బండ్లు అక్కడే నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరు వరదలకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి ఎన్నో బండ్లు రద్దయ్యాయి. అలాంటి రోజున చేతిలో ఉన్నది రైలు టికెట్టా, విమానం టికెట్టా అన్నది లెక్కకు రాదు. విజయవాడలో తెలిసినవారి ఇంట్లో ముందురాత్రే పడుకున్న రోగి మర్నాడు బండి నడిస్తే ఎక్కగలుగుతాడు. ఐతవరం దగ్గర నీళ్ళు తీసేదాకా కారులో కూర్చున్న రోగి ఎక్కలేడు.