వెలికొండ కనుమల్లో కాలినడక

నగరి కొండల వైపు నుంచి ఉత్తరంగా సాగి నల్లమలను చేరుకునే పర్వత పంక్తిని వెలికొండలు అంటారు. తూర్పు కనుమల్లో భాగమైన ఈ పంక్తి నెల్లూరు జిల్లాకు పడమటి గోడగా నిలిచి, కడప జిల్లాను దాని నుంచి వేరు చేస్తుంది. ఉదయగిరికి వాయవ్యంగా, ఈ గోడ పాదంలో ఉన్న మండల కేంద్రం సీతారామపురం. ఊరు దాటగానే మెట్ట చేలు, చేల వెనుక గుట్టలు, గుట్టల వెనుక అడవి కమ్మిన కొండలు వరుసగా లేస్తాయి కనుక, కాలినడకన కొండలనూ అడవినీ చూడగోరేవారికి దీనికి మించిన ఆరంభ స్థానం ఈ జిల్లాలో మరొకటి లేదని చెప్పవచ్చు. అయినా విహారయాత్ర అనగానే తెలుగువారి మనసు అరకుకో, ఊటీకో, కొడైకెనాల్‌కో పోతుంది తప్ప ఇటు మళ్ళదు. పచ్చగా, చల్లగా, ఎత్తుగా ఉన్నదే అడవి అన్న భావన బలంగా నాటుకుపోవడమే ఇందుకు ముఖ్య కారణం.

వెలికొండలది ఆకురాల్చే ఎండు అడవి, అంటే వానలకు చిగిర్చి, వేసవి రాకముందే ఆకు రాల్చి, నెలల తరబడి మోడుగా నిలిచి నీటిని పొదుపు చేసుకునే చెట్ల సముదాయం. చండ్ర, చిరుమాను, బిల్లుడు, తెల్లని బెరడుతో దూరం నుంచే గుర్తు పట్టగలిగే తబసి, వాటి కింద బలుసు, పరికి, కలివి పొదలు, రాతి సందుల్లో చిట్టీత కలిసి ఈ అడవిని నింపుతాయి. వీటన్నిటిలో లోకప్రసిద్ధమైనది ఎర్రచందనం. తూర్పు కనుమల దక్షిణ భాగంలో, ప్రధానంగా కడప, చిత్తూరు, నెల్లూరు, ప్రకాశం, కర్నూలు ప్రాంతాల కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఈ చెట్టు సహజంగా పెరగదు. మొసలి వీపులా పలకలు పలకలుగా చీలిన దాని నల్లని బెరడును, మూడేసి ఆకులు కలిసిన రెమ్మను ఒకసారి గుర్తు పట్టడం నేర్చుకున్నవారికి, అంతవరకు ఒకేలా కనిపించిన అడవి విడివిడి చెట్లుగా కనిపించడం మొదలవుతుంది. ఎర్రని చేవ ఏర్పడడానికి దశాబ్దాలు పడుతుంది కనుక, నడుము లావు కూడా లేని చెట్టు సైతం మనిషి జీవితకాలమంత పాతది కావచ్చు. ఇంగ్లండులో 1600 నాటి నుంచి ఎడతెగకుండా నిలిచి ఉన్న అడవిని ప్రాచీన వనంగా లెక్కిస్తారు. మన అడవుల ప్రాచీనతను అలా ఒక సంవత్సరంతో నిర్ణయించే వీలు లేకపోయినా, మరెక్కడా పుట్టని ఒక వృక్షజాతిని పుట్టించి పెంచుకున్న అడవి వయసును శతాబ్దాలలో కొలవడం తగదు.

ఆ చెట్ల కింది రాయి అంతకన్నా ఎంతో పురాతనమైనది. కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే విశాలమైన ప్రాచీన జలాశయపు తూర్పు అంచే వెలికొండలు. వంద కోట్ల సంవత్సరాలకు పూర్వమే ఆ నీటి అడుగున పేరుకున్న ఇసుక క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయిగానూ, బురద పలుచని పొరలుగా ఊడివచ్చే పలకరాయిగానూ మారి, తర్వాతి భూచలనాలకు మడతలు పడి పైకి లేచాయి. మెత్తని పలకరాయి త్వరగా అరిగిపోగా క్వార్ట్‌జైట్ నిలిచిపోవడం వల్లనే, ఇక్కడి కొండలు కింద ఏటవాలుగా, పైన నిట్టనిలువు బండలుగా కనిపిస్తాయి.

ఈ కొండల్లో నడక ఎవరో ఈ మధ్య కనిపెట్టిన వేడుక కాదు. విజయనగర తొలి పాలకుల కాలంలో ఉదయగిరి ఒక రాజ్యానికి, అంటే సామ్రాజ్యంలోని ఒక రాష్ట్రానికి, కేంద్రం. వేదభాష్యకారుడు సాయణుడు మంత్రిగా పనిచేసింది ఇక్కడి నుంచి పాలించిన కంపరాయల వద్ద, ఆయన కుమారుడు సంగముని వద్ద. ఆ తర్వాత విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ, వెలికొండలకు ఆవలి పక్కన పోరుమామిళ్ళలో పెద్ద చెరువు తవ్వించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేయగా రెండేళ్ళలో కట్ట పూర్తయిందని 1369 నాటి అక్కడి శాసనం చెబుతుంది. కొండకు ఇవతల ఉన్న దుర్గం నుంచి అవతలి లోయలో చెరువు కట్టించారంటే, రెండు కొండల నడుమ దాటడానికి వీలైన ఇరుకు దారులను, అంటే కనుమలను, జనం నిత్యం వాడుతూనే ఉన్నారని అర్థం. నేడు మైదుకూరు నుంచి పోరుమామిళ్ళ, సీతారామపురం, పామూరు, కందుకూరుల మీదుగా సింగరాయకొండకు పోయే జాతీయ రహదారి కూడా ఈ కొండలను దాటే వస్తుంది.

ఉదయగిరి కొండ ఎక్కే దారుల విలువ అనుభవంతో తెలుసుకున్నవాడు శ్రీకృష్ణదేవరాయలు. సముద్ర మట్టానికి 3,079 అడుగుల ఎత్తున్న ఆ కొండను, అప్పటికి దాన్ని చేజిక్కించుకున్న ఒడిశా గజపతి రాజుల సేన కాపు కాస్తుండగా, 1513లో మొదలైన ముట్టడి నెలల తరబడి సాగి 1514లో గానీ ముగియలేదు. కొండపైకి సేనలు ఎక్కగలిగే దారులు అంత తక్కువ. అక్కడి నుంచి తీసుకుపోయిన బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు హంపిలో కృష్ణాలయం కట్టించి ప్రతిష్ఠించాడు. శిథిలమైన బురుజులు, గుడులు, మసీదులు, కొండమీది దొనలు, అంటే బండ గుంతల్లో నిలిచే వాననీటి మడుగులు, నేటికీ దుర్గానికి ఎక్కే దారి పొడుగునా కనిపిస్తాయి.

యుద్ధాల కన్నా ఎక్కువ కాలం ఈ దారులను బతికించినది మాత్రం భక్తి, బతుకుతెరువు. కొండల నడుమ లోతైన ఇరుకు లోయను ఇక్కడివారు కోన అంటారు. నీరు దొరికే ప్రతి కోనలోనూ ఒక దేవుడు వెలిశాడు. సీతారామపురానికి చేరువలో అడవి నడుమ ఘటిక సిద్ధేశ్వరం ఉండగా, ఉత్తరాన చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోనలో కొండరాతిని తొలిచిన ఎనిమిది గుహాలయాలు, వాటి పక్కనే జలపాతం ఉన్నాయి. సీతారామపురం మండలంలోని బెడుసుపల్లిలో పుట్టి 1995లో పరమపదించిన అవధూత కాశిరెడ్డి నాయన, ఈ అడవుల్లో పాడుబడిన గుడులను బాగుచేయించి అన్నదానం నడిపించారు. నడిచి వచ్చే బాటసారికి అన్నం దొరికితే దారి మూతపడదన్న సత్యాన్ని ఇంత చక్కగా ఆచరించి చూపినవారు అరుదు. గొర్రెల కాపరులదీ తక్కువ పాత్ర కాదు. జోడిపి, పల్ల, డోర అనే మూడు రకాలుగా ప్రసిద్ధమైన నెల్లూరు గొర్రె, పొడవాటి కాళ్ళతో మేత కోసం దూరాలు నడవగల జాతి. కొండవాలులో కనిపించే సన్నని కాలిబాటల్లో చాలావరకు మందలు తొక్కి వేసినవే. అడవే ఆధారమైన మరో బతుకుతెరువు కొయ్యపని: ఉదయగిరిలో ముస్లిం కుటుంబాలు, ముఖ్యంగా స్త్రీలు, బిక్కి, దేవదారి వంటి అడవి కర్రతో చెక్కే చెంచాలు, గరిటెలు భౌగోళిక గుర్తింపు పొందాయి.

అడవిలో నిశ్శబ్దంగా నడిచేవారికి జీవజాలమూ కనిపిస్తుంది. చిరుతలు, ఎలుగుబంట్లు, కొండగొర్రెలు ఈ శ్రేణిలో తిరుగుతాయి. దక్షిణాన నెల్లూరు, కడప జిల్లాల్లో విస్తరించిన పెనుశిల నరసింహ అభయారణ్యం 1,030 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డాన్ సేకరించిన నమూనాతో 1848లో శాస్త్రలోకానికి తెలిసిన కలివికోడి అనే పక్షి, 1900 తర్వాత జాడ లేక అంతరించిందని అందరూ అనుకుంటుండగా, 1986 జనవరిలో కడప జిల్లాలోని లంకమల దగ్గర మళ్ళీ దొరికింది. పగలు పొదల్లో నక్కి రాత్రి తిరిగే ఆ పక్షికి కావలసినది దట్టమైన అడవి కాదు. ఇలాంటి పలుచని పొదల అడవే. బీడుగా, పనికిరాని నేలగా తోచే చోటు ఒక జాతికి చివరి ఇల్లు కావచ్చునని దీనికన్నా స్పష్టంగా చెప్పే ఉదాహరణ తెలుగునేలపై లేదు.

నడకకు కాలం ఎంచుకోవడం ముఖ్యం. నెల్లూరు ప్రాంతానికి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కనుక, నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు వాగుల్లో నీరు, చెట్లకు ఆకు, గాలిలో చలువ ఉంటాయి. ఆ తర్వాత ఎండలు ముదిరి, రాలిన ఆకు ఎండి, చిన్న నిప్పురవ్వ కూడా కొండను కాల్చివేసే స్థితి వస్తుంది. ఇంగ్లండులో పొలాల గుండా, అడవుల గుండా పోయే కాలిబాటల్లో నడిచే హక్కు జనానికి చట్టబద్ధంగా ఉంది గానీ, మన రాష్ట్రంలో 1967 నాటి అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా ప్రవేశించడం నేరం. ఎర్రచందనం దొంగరవాణా వల్ల నిఘా కఠినమైన మాట నిజమే. అయితే స్మగ్లరు తప్ప మరెవరూ నడవని దారి అడవికి క్షేమకరం కాదు. కోనల దాకా పోయే పాత దారుల్లో కొన్నింటిని అటవీ శాఖ గుర్తించి, స్థానిక యువకులకు, తరతరాలుగా ఈ అడవిని ఎరిగిన యానాది గిరిజనులకు దారి చూపే పని అప్పగించి, పరిమిత సంఖ్యలో నడకకు అనుమతించాలి. అంతవరకు సీతారామపురం రాదలచినవారు ముందుగా అటవీ కార్యాలయంలో అనుమతి తీసుకొని, దారి తెలిసిన ఊరివారిని వెంట పెట్టుకొని, తాగునీరు మోసుకొని, నిప్పు రాజేయకుండా, చీకటి పడకముందే కొండ దిగాలి.