దిగబడిన ట్రాక్టరును లాగే వించి: మోటారు ఎంత, పంపు ఎంత?



డెల్టా మళ్లలో దమ్ము చేసేటప్పుడు, వానకు నల్లరేగడి నానినప్పుడు ట్రాక్టరు ఇరుసుదాకా దిగబడడం మీరెరిగినదే. అప్పుడు గట్టు మీది ట్రాక్టరుకు బిగించిన వించి, అనగా ఇనుపతాడు చుట్టుకొని లాగే డ్రమ్ము, అక్కరకు వస్తుంది. దానిని నూనె ఒత్తిడితో తిప్పే హైడ్రాలిక్ మోటారూ, పంపూ ఎంతవి కావాలో ఈవేళ లెక్క వేద్దాం.

"పంపు పెద్దది పెడితే బలం పెరగదా?" అంటారు. పెరగదండీ. నూనె ఎక్కువ వస్తే డ్రమ్ము వేగంగా తిరుగుతుంది, అంతే. బలం నూనె ఒత్తిడిని బట్టీ, మోటారు చుట్టుకు పట్టే నూనెను బట్టీ ఉంటుంది. అంచేత లెక్క తాడు కొసనుంచి మొదలుపెట్టాలి.

ఇరుసుదాకా దిగిన బండికి ఇంచుమించు దాని బరువంత లాగుడు కావాలి. ట్రాక్టరు 2000 కిలోలు అనుకుందాం. డ్రమ్ము నిండా తాడున్నప్పుడు నడిమినుంచి పైవరసకు 10 సెంటీమీటర్లు. రెండూ హెచ్చవేస్తే తిప్పుడు బలం 20,000 కిలో-సెంటీమీటర్లు. నడుమ 20కి 1 పళ్లచక్రాలుంటే మోటారు మీద పడేది 1000. రాపిడికి పోయేది కలిపి 1250.

ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 125 కిలోలు పెట్టుకుందాం. 1250ని 6.28తో హెచ్చవేసి 125తో భాగిస్తే 63. మోటారు లోపలి నష్టానికి కొంత కలిపితే 70. చుట్టుకు 80 ఘన సెంటీమీటర్ల నూనె పట్టే మోటారు తీసుకుంటే నిబ్బరంగా ఉంటుంది.

ఇక వేగం. బురదలోంచి లాగడానికి నిమిషానికి 6 మీటర్లు చాలు. డ్రమ్ము చుట్టుకు 63 సెంటీమీటర్ల తాడు వస్తుంది గనుక నిమిషానికి తొమ్మిదిన్నర చుట్లు, మోటారుకు 190. దానికి 15 లీటర్ల నూనె. లోపల జారిపోయేది కలిపి 17. నిమిషానికి 540 చుట్లు తిరిగే పి.టి.ఓ.కు బిగిస్తే చుట్టుకు 35 ఘన సెంటీమీటర్ల పంపు సరిపోతుంది. ఇంజను మీద పడే భారం ఆరు గుర్రాల లోపే.

ఒక్కటి మరువకండి. తాడు విప్పి డ్రమ్ము మీద అడుగు వరసే మిగిలినప్పుడు లాగుడు పెరుగుతుంది. ఆ వరస నడిమినుంచి ఏడున్నర సెంటీమీటర్లుంటే, ఈ మోటారే 3 టన్నులు లాగుతుంది. కాబట్టి 6 టన్నులకు తక్కువ తెగే తాడు వాడరాదు. రిలీఫ్ వాల్వును 125 దగ్గర నిలపాలి; లాగలేదని దానిని బిగించరాదు. బిగువు మీదున్న తాడు తెగితే కొరడాలా వచ్చి ప్రాణం తీస్తుంది. పిల్లలనూ, చూడవచ్చినవారినీ తాడు పొడవుకన్న దూరంగా ఉంచండి. తాడు దాటవద్దు.

ఇంకా బలం కావలిస్తే దిగబడిన బండికి కప్పీ తగిలించి, తాడు అందులోంచి తిప్పి, కొసను గట్టి ఆధారానికి కట్టండి. వేగం సగమవుతుంది, లాగుడు దాదాపు రెట్టింపవుతుంది. బలం మోటారుతో, వేగం పంపుతో అన్న మాట గుర్తుంచుకుంటే, అంగడిలో అక్కరలేని పంపుకు డబ్బు పోయరు.