“కనబడలేదు” అంటే “లేదు” అని కాదు

గురజాల ప్రాంతములో కుటుంబములను దర్శించునప్పుడు ఒక సహోదరి తలుపు దగ్గరగా వేసి, కొంగుచాటునున్న కాగితమును మా చేతికిచ్చినది. “అయ్యగారూ, జబ్బు కనబడలేదని రాశారంట. ఇక మాత్రలు మానేయొచ్చా?” అని అడిగినది. అది హెచ్.ఐ.వి. వైరల్ లోడ్ పరీక్ష రిపోర్టు. సంతోషముతో “మానెయ్యమ్మా” అనబోయి ఆగాము. ముందు డాక్టరుగారిని అడుగుదామన్నాము. అలా ఆగినందుకు నేటికీ దేవునికి వందనములు చెల్లించుచున్నాము.

ప్రియ చదువరులారా, హెచ్.ఐ.వి. ఉన్నదో లేదో చెప్పు పరీక్ష వేరు. రక్షణ కణములను లెక్కించు సి.డి.4 పరీక్ష వేరు. వైరల్ లోడ్ పరీక్ష ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో, అనగా రక్తపు ద్రవభాగములో, వైరస్ ఎంతున్నదో లెక్కించును. మందు పనిచేయుచున్నదో లేదో దీనివలన తెలియును. మందులు మొదలైన 6 నెలలకు, 12 నెలలకు, తరువాత ఏటా ఒకసారి ఈ పరీక్ష చేస్తారు. లెక్క 1000 లోపుంటే వైరస్ అణగియున్నట్లే. అంతకు మించితే, మాత్రలు తప్పిపోవుచున్నవా అని విచారించి, బుద్ధి చెప్పి, కొన్ని నెలలకు మరల పరీక్షిస్తారు. అప్పటికీ తగ్గకపోతే మందు మారుస్తారు.

మన దేశములో 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వము ఉచితముగా ఎ.ఆర్.టి. మందులు ఇవ్వ నారంభించినది. చికిత్సలో ఉన్నవారందరికీ వైరల్ లోడ్ పరీక్షను 2018 ఫిబ్రవరిలో ప్రారంభించినది.

మరి “కనబడలేదు” అంటే ఏమి? మన మిరప చేలో తుంగను చూడండి. పైన పీకితే చేను శుభ్రముగా కనబడును; గడ్డ మట్టిలోనే యుండును. వైరస్ కూడా కొన్ని కణములలో దాగియుండును. మాత్రలు మానితే కొద్ది వారాలలోనే మరల లేచును. మానుచు, వేసికొనుచు నుంటే మందుకు లొంగకుండా పోవచ్చును.

క్రమముగా మాత్రలు వేసికొని, వైరస్ కనబడని స్థితిలో నున్నవారినుండి దాంపత్యమువలన భార్యకు గాని భర్తకు గాని అది సోకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపినది. ఎంత ఆదరణ!

సంఘ పెద్దలారా, సాక్ష్యము కొరకు ఎవరి మాత్రలూ మాన్పించవద్దు. హిజ్కియా ప్రార్థన ఆలకించిన దేవుడే అతని పుండుకు అంజూరపు ముద్దను కట్టించెను గదా! ఒకరి రిపోర్టు మన చెవిన పడితే అది మనతోనే ఆగవలెను. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము కూడా ఆ గోప్యతను కాపాడుచున్నది.

ఆ సహోదరి మాత్రలు మానలేదు. రాత్రి ప్రార్థన ముగించి, మంచినీళ్ల గ్లాసు అందుకొనుచున్నది.