తాతగారి పాటలు, రాగిరేకులు

పిల్లలూ! మీ తాతగారి పేరు మీకు తెలుసు. ఆయన తండ్రిగారి పేరు కూడా తెలిసి ఉండవచ్చు. మరి ఆ తాతగారికి తాతగారి పేరేమిటి? ఆయన ఏ ఊళ్లో ఉండేవాడు? ఏ పని చేసి బతికాడు? చెప్పలేరు గదా! ఆయన కూడా కరువులూ పండుగలూ చూసినవాడే. కష్టపడి ఎన్నో సంగతులు నేర్చుకున్నవాడే. కాని ఆ సంగతులను ఎవరూ రాసిపెట్టలేదు. అందుచేత నాలుగైదు తరాలు గడిచేసరికి ఆయన పేరు కూడా మనకు దక్కలేదు.

అయితే అయిదువందల ఏళ్ల కిందటి ఒక తాతగారి సంగతులు మనకు ఇవాళ చాలా తెలుసు. ఆయనే తాళ్లపాక అన్నమాచార్యులవారు. రాజంపేట దగ్గరి తాళ్లపాక గ్రామంలో 1408లో పుట్టారు. తిరుమల కొండకు చేరి, తమ పదహారవ ఏట, అంటే 1424లో, పాటలు కట్టడం మొదలుపెట్టారు. 1503లో కన్నుమూసేదాకా మానలేదు. సుమారు డెబ్భై తొమ్మిది ఏళ్లు ఒకే పని! ఆ పాటలనే సంకీర్తనలంటారు.

ఈ సంవత్సరాలన్నీ మనకు ఎట్లా తెలిశాయి? ఆయన వంశంవాళ్లు చెక్కించి పెట్టిన రాగిరేకు మీద ఉన్నాయి గనుక తెలిశాయి.

చివరిరోజుల్లో అన్నమాచార్యులవారు కొడుకు పెద్ద తిరుమలాచార్యులను దగ్గరకు పిలిచి, రోజుకు ఒక్క సంకీర్తన అయినా స్వామికి వినిపించమని చెప్పారట. కొడుకు ఆ మాట నిలబెట్టుకున్నాడు. తాను పాటలు రాయడమే కాదు, తండ్రి పాటలను రాగిరేకుల మీద చెక్కించే పని కూడా తలకెత్తుకున్నాడు.

రాగి ఎందుకు? ఆ రోజుల్లో పుస్తకాలన్నీ తాటాకుల మీద గంటంతో రాసేవారు. తాటాకును చెదలు తింటాయి, పురుగులు తొలుస్తాయి, తేమ తగిలితే పాడవుతుంది. కొంతకాలానికి ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకుల మీదికి ఎక్కించకపోతే గ్రంథం పోయినట్లే. రాగికి చెదల భయం లేదు. ఇనుము తుప్పుపడితే ఆ తుప్పు పొరలుపొరలుగా రాలిపోతుంది. లోపలి ఇనుముకు మళ్లీ గాలీ తేమా తగిలి, అదికూడా తుప్పుపడుతుంది. రాగి అట్లా కాదు. గాలి తగిలితే పైన నల్లబడుతుంది, ఒక్కొక్కప్పుడు పచ్చని చిలుము పడుతుంది. కాని ఆ పొర లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకొని, లోపలిదానికి కవచంలాగా పనిచేస్తుంది. అందుకే రాజులు దానశాసనాలను రాగిరేకుల మీద రాయించేవారు.

అయినా రాగి చవకైనది కాదు. అక్షరం అక్షరం చెక్కాలి. ఒక్కొక్క రేకులో సాధారణంగా అయిదారు పాటలు పడతాయి. అటువంటి రేకులు రెండువేలకు పైగా ఉన్నాయంటే ఎంత రాగి, ఎంత డబ్బు, ఎంత ఓపిక కావాలో ఊహించుకోండి! వాటిని తిరుమల గుడిలోనే ఒక చిన్న రాతిగదిలో భద్రం చేశారు. దాని పేరు సంకీర్తన భాండాగారం. ఆ గదికి రెండు పక్కలా రెండు మనిషి రూపాలు చెక్కి ఉన్నాయి. అవి తండ్రీకొడుకులవని చెబుతారు.

ఇక మనుమల సంగతి. ఒక మనుమడి పేరు తిరువేంగళనాథుడు, ముద్దుపేరు చిన్నన్న. ఇతను తాతగారి జీవితాన్ని ద్విపద పద్యాలలో రాశాడు. అదే ‘అన్నమాచార్య చరిత్రము’. అందులో తాత గొప్పలే కాదు, పాట్లు కూడా ఉన్నాయి. చిన్నతనంలో ఇంటివాళ్లు గడ్డి కోసుకురమ్మంటే కొడవలి వేలికి తగిలి తెగిన సంగతి ఉంది. తన మీద కూడా పాట చెప్పమని అడిగిన రాజుకు కాదన్నందుకు సంకెళ్లు పడిన సంగతి ఉంది. మనుమడు రాసి ఉండకపోతే ఆ తెగిన వేలి సంగతి మనకెవరు చెబుతారు?

ఇంకొక మనుమడు చిన తిరుమలాచార్యులు. పాట ఎట్లా కట్టాలో చెబుతూ అన్నమాచార్యులవారు సంస్కృతంలో ‘సంకీర్తన లక్షణం’ అనే గ్రంథం రాశారు. మనుమడు దానిని తెలుగు చేశాడు. విచిత్రమేమిటంటే, తాత రాసిన సంస్కృత గ్రంథం ఇవాళ దొరకడం లేదు. మనుమడి తెలుగు పుస్తకమే మిగిలింది!

ఇంత చేసినా అంతా దక్కలేదు. తాతగారి పాటలు 32,000 అని చిన్నన్న లెక్క. ఇప్పుడు దొరుకుతున్నవి 12,000 పైచిలుకు మాత్రమే. ఇంకొక నష్టం కూడా జరిగింది. రేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, కాని స్వరాలు లేవు. అన్నమాచార్యులవారు ఆ పాటను ఏ వరుసలో పాడారో చెప్పేవారు లేరు. ఇవాళ మనం వినే వరుసలలో చాలాభాగం రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు ఇటీవలి కాలంలో కట్టినవి.

రేకులు కూడా చాలాకాలం మూలపడి ఉన్నాయి. ఎ.డి. కాంబెల్ అనే ఇంగ్లీషు ఉద్యోగి వాటిని పరిశీలించడానికి ఒక మనిషిని పంపించాడు. ఒక్క వ్యాకరణ గ్రంథం తప్ప, దానికి నకలు రాయించామనీ, మిగిలినవన్నీ దేవుడి పాటలే అని తేలిందనీ 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణంలో రాశాడు. ఆ తరువాత వంద ఏళ్లకు పైగా గడిచాక, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వంటి పండితుల శ్రమవల్ల అవి వెలుగులోకి వచ్చాయి. 1930లలో అచ్చుకావడం మొదలైంది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు చిన్నన్న పుస్తకాన్ని 1949లో ప్రచురించారు.

పిల్లలూ! మీ ఇంట్లో తాతగారు మహాకవి కాకపోవచ్చు. ఆయన చిత్తూరు వైపు బెల్లం వండి ఉండవచ్చు, నారాయణవనంలో మగ్గం నేసి ఉండవచ్చు, తిరుపతిలో బండి తోలి ఉండవచ్చు. ఆయన నేర్చుకున్నది కూడా విలువైనదే. ఈ సెలవుల్లో ఒక నోటుపుస్తకం తీసుకొని ఆయన దగ్గర కూర్చోండి. నాయనమ్మనూ అమ్మమ్మనూ కూడా అడగండి.

“మీ జీవితం గురించి చెప్పండి” అంటే ఎవరికీ మాట పెగలదు. చిన్న చిన్న ప్రశ్నలు వెయ్యండి. మీరు మొదటిసారి కొండకు నడిచి ఎక్కారా, బస్సులో వెళ్లారా? (మొదటి ఘాట్ రోడ్డు 1944లోనూ, రెండవది 1974లోనూ వచ్చాయి.) మొదటి కూలి ఎంత? బావి ఎండిపోయిన ఏడు ఏం తిన్నారు? ఏ పని చేతకాక వదిలేశారు? ఎవరివల్ల మేలు పొందారు?

వాళ్లు చెప్పిన మాటలను చెప్పినట్లే రాయండి. మీ పుస్తకం భాషలోకి మార్చవద్దు. తేదీ, ఊరు, మనుషుల పేర్లు మరవకండి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. 2022లో దానినుంచి తిరుపతి జిల్లా వేరుపడింది. కాబట్టి మీ అవ్వ ఊరు కదలకుండానే జిల్లా మారి ఉండవచ్చు! ఇటువంటివి రాసిపెట్టకపోతే మీ మనుమలు తికమకపడతారు.

పెద్దలకొక మాట. ఇప్పుడు ఇంటింటా సెల్‌ఫోను ఉంది. పిల్లలు అడుగుతున్నప్పుడు ముసలివాళ్ల గొంతును అందులో పట్టిపెట్టండి. అవ్వ పాడే విసుర్రాయి పాట మాటలు కాగితం మీద నిలుస్తాయి గాని, వరుస నిలవదు. ఫోను కూడా పాడవుతుంది గనుక కాగితం మీద రాయడం మానవద్దు. రెండు ప్రతులు తీసి, ఒకటి మీ ఇంట్లోనూ, ఇంకొకటి పెదనాన్నగారింట్లోనో, అత్తగారింట్లోనో ఉంచండి.

పుస్తకం మొదటి పేజీలో ఏం రాయాలో తెలుసునా? తాతగారి తాతగారి పేరు. మీ తాతగారికి గుర్తుందేమో, ఇవాళే వెళ్లి అడగండి.